గ్లాసులో నీళ్లు రంగు మారాయని ఫిల్టర్ కొనకండి: కనిగిరి, పొదిలి, దర్శి వైపు బోరు నీళ్లు తాగేవాళ్లకు హెచ్చరిక

"వాటర్ టెస్ట్ ఫ్రీ అండీ" అంటూ గుమ్మంలోకి వచ్చి ఆర్వో ఫిల్టర్లు అంటగట్టేవాళ్లతో జాగ్రత్త. ఎక్కడికెళ్లినా వాళ్ల పద్ధతి ఒకటే. రెండు గ్లాసులు పెడతారు, ఒకదాంట్లో మీ బోరు నీళ్లు, ఇంకోదాంట్లో వాళ్ల ఫిల్టర్ నీళ్లు. కడ్డీలున్న చిన్న పరికరాన్ని రెండింట్లో ముంచి కరెంటు స్విచ్ వేస్తారు. కాసేపట్లో మీ గ్లాసు పచ్చగా, ఆపైన ముదురు గోధుమ రంగుకు తిరిగి, పైన మురికి నురగ తేలుతుంది. వాళ్ల గ్లాసు మాత్రం తేటగానే ఉంటుంది. "మీ పిల్లలు తాగేది ఇదేనండీ" అనేసరికి ఎవరికైనా గుండె జారుతుంది, అడ్వాన్సు చేతులు మారుతుంది.

ఆ రంగు నీళ్లది కాదు, కడ్డీలది. బోరు నీళ్లలో లవణాలుంటాయి గనక కరెంటు పారుతుంది, ఇనప కడ్డీ కరిగి తుప్పులా తేలుతుంది. ఆర్వో నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, కాబట్టి కరెంటు సరిగా పారదు, రంగూ రాదు. నమ్మకం కుదరకపోతే వాళ్ల గ్లాసులోనే చిటికెడు ఉప్పు వేసి మళ్లీ స్విచ్ వేయమనండి. అదీ అలాగే మారుతుంది. ఉప్పు వేయడానికి ఒప్పుకోకపోతే ఇక బేరం అక్కర్లేదు.

రెండో ఎత్తు టీడీఎస్ మీటరు. అది నీళ్లలో కరిగిన లవణాలన్నిటికీ కలిపి ఒక అంచనా చెబుతుంది, అంతే. మన ప్రాంతంలో అసలు భయపడాల్సింది ఫ్లోరైడ్‌కి. దాని లెక్క లీటరుకు ఒకటి, రెండు, నాలుగు మిల్లీగ్రాముల్లో ఉంటుంది. ఎనిమిది వందలు, వెయ్యి చూపించే మీటరులో అది కనపడదు. ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మొదట గుర్తించి 1937లో ప్రకటించింది, అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ పొదిలి, దర్శి ప్రాంతాల్లోనే. ఫ్లోరైడ్‌కి రంగు, రుచి, వాసన లేవు. పైగా సున్నం తక్కువుండి, సబ్బు బాగా నురగొచ్చే తియ్యటి నీళ్లలోనే ఒక్కోసారి అది ఎక్కువ, ఎందుకంటే కాల్షియం ఉన్నచోట ఫ్లోరైడ్ ఎక్కువగా కరిగి ఉండలేదు. "మా బోరు తియ్యగా ఉంటుంది, మాకేం భయం లేదు" అనుకోవద్దు. మరిగించినా పోదు, నీళ్లు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టర్, యూవీ దీపం దాన్ని తాకను కూడా తాకవు.

కాబట్టి ముందు ల్యాబు, తర్వాతే ఫిల్టర్. ఒంగోలు, నెల్లూరుల్లో గ్రామీణ నీటి సరఫరా శాఖ (ఆర్‌డబ్ల్యూఎస్) ల్యాబులు ఉన్నాయి. జల్ జీవన్ మిషన్ కింద మామూలు జనం కూడా కొద్దిపాటి రుసుము కట్టి పరీక్ష చేయించుకోవచ్చు. పంచాయతీలో ఫీల్డ్ కిట్టు ఉంటే దానితోనూ ఫ్లోరైడ్ ఉజ్జాయింపుగా తెలుస్తుంది, కానీ వేలు పోసి కొనేముందు ల్యాబు రిపోర్టే నమ్మండి.

శాంపిల్ పట్టడంలో తేడా వస్తే రిపోర్టు వృథా. మోటారు పది పదిహేను నిమిషాలు ఆడనివ్వాలి, పైపులో నిలవున్న నీళ్లు పోవాలి. ట్యాంకు కుళాయి దగ్గర కాదు, బోరు దగ్గరే పట్టాలి. లీటరు ప్లాస్టిక్ సీసాని అవే నీళ్లతో మూడుసార్లు తొలిచి నిండా నింపండి. ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది గనక గాజు సీసా వద్దు. ఊరు, బోరు లోతు, తేదీ సీసా మీద రాయండి. క్రిముల పరీక్షకు ల్యాబు వాళ్లిచ్చే స్టెరైల్ సీసానే వాడాలి, దాన్ని తొలవకూడదు, మూత లోపలివైపు వేలు తగలకూడదు, ఐసు పెట్టిన డబ్బాలో వీలైతే ఆరు గంటల్లోపు చేర్చాలి. వేసవి చివర ఒకసారి, ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గాక ఒకసారి చేయిస్తే తేడా తెలుస్తుంది.

రిపోర్టులో చూడాల్సినవి (ఫ్లోరైడ్, నైట్రేట్, టీడీఎస్ లెక్కలు లీటరుకు మిల్లీగ్రాముల్లో): ఫ్లోరైడ్ 1 లోపు ఉంటే మేలు, వేరే దారి లేనప్పుడు గరిష్ఠం 1.5. నైట్రేట్ 45 దాటకూడదు. బోరు పక్కన పేడదిబ్బో, సెప్టిక్ ట్యాంకో ఉంటే ఇది తప్పకుండా అడగండి, సీసాపాలు తాగే పసిబిడ్డలకు ప్రమాదం. మలం కలిసిందని చెప్పే క్రిమి ఈకోలీ 100 మిల్లీలీటర్లలో అసలు కనపడకూడదు. టీడీఎస్ 500 లోపు మంచిది, 2000 వరకు అనుమతి. సముద్రం దగ్గరి ఊళ్లలో అంతకు మించిన ఉప్పు నీళ్లయితే ఇంట్లో పెట్టుకునే మామూలు ఆర్వో మెంబ్రేన్ (లవణాలను ఆపే పొర) నాలుగు రోజులు కూడా ఆగదు.

ఫ్లోరైడ్ ఎక్కువని తేలితే ఆర్వో పనికొస్తుంది. మెంబ్రేన్ బాగుంటే పదింట తొమ్మిది పాళ్లు ఆపుతుంది. అయితే అసలు మోసం బిగించేటప్పుడు జరుగుతుంది. "రుచి కోసం, మినరల్స్ కోసం" అని టీడీఎస్ కంట్రోలర్ అనే చిన్న స్క్రూ తిప్పి వదిలేస్తారు. దాంతో మెంబ్రేన్ దాటని బోరు నీళ్లు నేరుగా వచ్చి కలుస్తాయి. మీ బోరులో ఫ్లోరైడ్ 4 ఉందనుకోండి, మెంబ్రేన్ దాటాక 0.4 అవుతుంది. అందులో మూడో వంతు బోరు నీళ్లు కలిస్తే తిరిగి 1.6, అంటే హద్దు దాటినట్టే. ఆ స్క్రూని పూర్తిగా మూయించండి. సర్వీసుకొచ్చిన ప్రతిసారీ చూసుకోండి, తెరిచిపోయేవాళ్లు చాలామంది. టీడీఎస్ మీటరుకు నిజంగా పనుండేది ఇక్కడే. మొదటిరోజు ఫిల్టర్ నీళ్ల రీడింగు రాసిపెట్టుకోండి, 80 ఉన్నది 250కి పోతే మెంబ్రేన్ చెడిందనో, స్క్రూ తెరిచారనో అనుమానించాలి.

డబ్బు మొత్తం ముందే ఇవ్వకండి. "ఫిల్టర్ నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు" అని బిల్లు మీద రాయించి, బిగించాక ఫిల్టర్ నీళ్లను కూడా అదే ల్యాబులో పరీక్షించి, రిపోర్టు వచ్చాకే మిగతాది చెల్లించండి. ఏఎంసీలో, అంటే ఏడాది సర్వీసు ఒప్పందంలో, మెంబ్రేన్ ఉందో లేదో విడిగా రాయించండి. "అన్నీ కవరవుతాయి" అన్న నోటిమాట తర్వాత నిలవదు. ఇప్పటికే మోసపోయి ఉంటే బిల్లు, రెండు రిపోర్టులు పట్టుకుని 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫిర్యాదు రుసుము లేదు.