పోలీసు సెట్, ఫైర్ సెట్: ఒకటే ఉంటే మేలా, వేర్వేరుగానా?

2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్‌లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ దక్షిణ టవర్ కూలిపోయాక, ఉత్తర టవర్ కూడా నిలిచేలా లేదని పోలీసు హెలికాప్టర్‌లోని వాళ్లు వైర్‌లెస్ సెట్‌లో చెప్పారు. ఆ మాట పోలీసులకు చేరింది. కింద ఉన్న ఫైర్ అధికారులకు చేరలేదు, ఎందుకంటే వాళ్ల రేడియోలు వేరు. ఆ రోజు 343 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు. ఈ ఒక్క కారణంగానే అంతమంది పోయారనడం న్యాయం కాదు. అంత ఎత్తైన భవనంలో వాళ్ల సొంత రేడియోలే సరిగ్గా అందలేదు. అయినా ఉమ్మడి రేడియో కావాలనేవాళ్లు ముందుగా ఎత్తేది ఈ సంఘటననే.

వేర్వేరు సెట్లకు ఉన్న మంచి చిన్నదేం కాదు. ఖర్చు తక్కువ, మరమ్మతు తేలిక. ఊరేగింపు రోజు పోలీసు ఛానెల్ ఊపిరాడకుండా ఉన్నా ఫైర్ వాళ్ల గొంతుకు అడ్డు రాదు. ఇబ్బందల్లా రెండు శాఖలూ ఒకే చోట పనిచేయాల్సి వచ్చినప్పుడే. అప్పుడు కంట్రోల్ రూమ్ మధ్యవర్తి అవుతుంది: ఇటు విని అటు చెప్పాలి. ఆ మధ్యలో నిమిషాలు పోతాయి, మాట కూడా మారిపోతుంది.

ఉమ్మడి వ్యవస్థకు ఫిన్లాండ్‌లోని విర్వే అనే రేడియో నెట్‌వర్క్ మంచి ఉదాహరణ. పోలీసు, ఫైర్, అంబులెన్స్, సరిహద్దు దళం అన్నీ దేశమంతటా ఒకే టెట్రా (అత్యవసర సేవలు వాడే ఒక డిజిటల్ రేడియో పద్ధతి) నెట్‌వర్క్ మీద మాట్లాడతాయి. దీని కిటుకు మన రైల్వే స్టేషన్‌లో ఒకే క్యూ పెట్టి, ఖాళీ అయిన కౌంటర్‌కు మనిషిని పంపడం లాంటిదే. బటన్ నొక్కగానే ఖాళీగా ఉన్న ఛానెల్‌ను సిస్టమే ఇస్తుంది. టెట్రాలో 25 కిలోహెర్ట్జ్‌లోనే నాలుగు సంభాషణలు పడతాయి. ఒక శాఖ మాట ఇంకో శాఖ చెవిన పడకుండా టాక్ గ్రూపులు ఉంటాయి, అవసరమైతే అందరికీ కలిపి ఒక గ్రూపు పెట్టుకోవచ్చు.

పెట్టుకోవచ్చు సరే, వాడతారా? 2017 మే 22న మాంచెస్టర్ అరీనాలో బాంబు పేలి 22 మంది చనిపోయారు. బ్రిటన్‌లో పోలీసు, ఫైర్, అంబులెన్స్ మూడు సర్వీసులకూ అప్పటికే ఎయిర్‌వేవ్ అనే ఉమ్మడి రేడియో ఉంది. అయినా ఫైర్ సిబ్బంది అక్కడికి చేరడానికి రెండు గంటలు దాటింది. మన దగ్గరా 112కి ఫోన్ చేస్తే మూడు సర్వీసులూ అందుతాయి. అయితే నంబర్ ఒకటైనంత మాత్రాన ఘటనాస్థలంలో వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారని కాదు.

ఉమ్మడి డిజిటల్ రేడియో మీద ఫైర్ వాళ్లకు ఇంకో గట్టి అభ్యంతరం ఉంది, నాకు అందులో న్యాయం కనిపిస్తుంది. నెట్‌వర్క్ రేడియోకు టవర్ అందాలి. బేస్‌మెంట్‌లో పొగలో పాకుతున్న మనిషికి అది అందకపోవచ్చు. పాత అనలాగ్ సెట్ అయితే సిగ్నల్ తగ్గేకొద్దీ గరగరమంటుంది, ఆ గరగరే ఒక హెచ్చరిక. డిజిటల్‌లో మాట బాగా వినిపిస్తూ వినిపిస్తూ ఒక్కసారిగా తెగిపోతుంది. పైగా పంపు మోత, రంపం చప్పుడు, గాలి సిలిండర్ అలారం మధ్య డిజిటల్ సెట్ మనిషి గొంతును ముద్దముద్దగా మార్చేస్తుంది.

ఫోన్ నెట్‌వర్క్ మీద పుష్ టు టాక్, అంటే సెట్‌లోలాగే బటన్ నొక్కి మాట్లాడే పద్ధతి, దాని సంగతి క్లుప్తంగా చెప్తాను. అమెరికాలో ఫస్ట్‌నెట్ అనే అలాంటి నెట్‌వర్క్ ఉంది, రద్దీలో అత్యవసర సేవలకే ముందు దారి ఇస్తుంది. వీడియో, మ్యాపులు పంపడానికి దీన్ని మించింది లేదు. గొంతుకు మాత్రం దీన్నొక్కదాన్నే నమ్ముకోవడం తొందరపాటు. బ్రిటన్ 2019 చివరికల్లా ఎయిర్‌వేవ్‌ను ఆపేసి ఇటు మారాలనుకుంది. ఆ గడువు దాటి ఏళ్లయినా ఎయిర్‌వేవ్ నడుస్తూనే ఉంది.

నన్నడిగితే అధికారులకు, వాహనాలకు, కంట్రోల్ రూములకు ఉమ్మడి నెట్‌వర్కే మేలు. మంట లోపలికి వెళ్లేవాళ్ల చేతిలో మాత్రం టవర్ లేకుండా సెట్ నుంచి సెట్‌కు నేరుగా మాట్లాడే అనలాగ్ ఛానెల్ ఉండాలి. గేటు దగ్గరి ఫైర్ అధికారి ఒక చెవితో దాన్ని, ఇంకో చెవితో ఉమ్మడి గ్రూపును వినాలి. ఆయనకు రెండు సెట్ల బరువు తప్పదు.