కోహినూరా, హోప్ వజ్రమా?

గుంటూరులో మా ఇంట్లో వజ్రాల మాట వస్తే ఈ రెండు కథలూ పోటీ పడతాయి. రెండూ మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనివేనంటారు. ఆ గని చోటు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది.

మామయ్య ఓటు కోహినూరుకే. 1739లో ఢిల్లీని కొల్లగొట్టిన పర్షియా రాజు నాదిర్ షా, మొఘల్ చక్రవర్తి మహమ్మద్ షా తలపాగాలో వజ్రం ఉందని తెలిసి, స్నేహానికి గుర్తుగా తలపాగాలు మార్చుకుందామన్నాడట. వినడానికి భలే ఉంటుంది గానీ నేను నమ్మను. నన్ను కదిలించేది 1849 నాటి సంగతి. లాహోర్ ఒప్పందంలో బ్రిటిష్‌వాళ్లు పదేళ్ల పంజాబ్ రాజు దులీప్ సింగ్ చేత రాజ్యంతో పాటు దీన్నీ రాయించుకున్నారు. 1852లో లండన్‌లో సానపడితే 186 క్యారెట్ల రాయి కాస్తా 105.6కి దిగింది. మగవాళ్లకు అచ్చిరాదన్న మాట సరేసరి.

హోప్ వజ్రం నీలంగా ఉంటుంది, 45.52 క్యారెట్లు. దాని మూలరాయిని ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే విగ్రహం కంట్లోంచి పెరికాడని, శాపం తగిలి కుక్కలు చీల్చేశాయని కథ. ఆయనేమో ఎనభై దాటి బతికాడు! ఆ శాపం కథకు మసాలా దట్టించి అమ్ముకున్నది నగల వ్యాపారి పియరీ కార్టియే. 1958లో ఇది మామూలు రిజిస్టర్డ్ పోస్టులో వాషింగ్టన్ మ్యూజియానికి చేరింది. మా అత్తయ్యకు ఆ పోస్టు సంగతే ఇష్టం: "ఆ పోస్ట్‌మ్యాన్‌కి ఎంత టెన్షనో!"

నా ఓటు మాత్రం మామయ్య వైపే. తలపాగా కోసం కాదు, ఆ పిల్లాడి కోసం.