హ్యాకింటాష్‌తో నాలుగేళ్లు: అది నిద్రపోతే చాలనుకున్నాను

రాత్రి పనయ్యాక నా హ్యాకింటాష్ (అంటే యాపిల్ మాక్‌ఓఎస్ ఎక్కించుకున్న మామూలు పీసీ) మెనూలో స్లీప్ నొక్కుతాను. తెర ఆరిపోతుంది, కాసేపటికి ఫ్యాన్లు ఆగుతాయి, పవర్ బటన్ లైటు మిణుకుమంటుంది. పొద్దున కీబోర్డు మీద ఏదో ఒక మీట తడితే పాటలు చేసుకునే లాజిక్ ప్రో నిన్న వదిలేసిన చోటే తెరిచి ఉంటుంది. మామూలు మాక్ వాడేవాళ్లకి ఇందులో చెప్పుకోవడానికేముంది అనిపించవచ్చు. నాకు మాత్రం నాలుగేళ్లయినా ఇది ముచ్చటే. ఎందుకంటే మొదటి నాలుగు నెలలు ఈ మెషీన్ ఒక్కసారి కూడా సరిగ్గా నిద్రపోలేదు.

మెషీన్ గురించి రెండే ముక్కలు: ఇంటెల్ ఐ5-10400 ప్రాసెసర్, ఏఎండీ ఆర్‌ఎక్స్ 580 గ్రాఫిక్స్ కార్డు, మాక్‌ఓఎస్‌ని బూట్ చేయడానికి ఓపెన్‌కోర్ అనే ప్రోగ్రామ్. తనను తాను 2020 నాటి ఐమాక్ అనుకుంటుంది. ఇన్‌స్టాల్ ఎలా చేయాలో చెప్పే గైడ్లు బోలెడున్నాయి, ఆ జోలికి పోను. నిజానికి ఆ పని ఒక్క సాయంత్రంలో అయిపోయింది. గ్రాఫిక్స్, నెట్‌వర్క్ కెక్స్ట్‌లు (మాక్‌ఓఎస్ డ్రైవర్లు) పెట్టగానే నడిచాయి. సౌండ్‌కి మాత్రం బోర్డు సౌండ్ చిప్‌కి సరిపోయే లేఅవుట్ నంబర్లు ఒక్కొక్కటే మార్చి చూశాను, మూడోదానికి పలికింది. "ఇంతేనా, దీనికా అందరూ అంత భయపెట్టారు" అనుకున్నాను. సరిగ్గా ఆ రాత్రే మొదలైంది.

స్లీప్ నొక్కాను. అంతా ఆగింది. మంచం దాకా వెళ్లేలోపు ఫ్యాన్లు మళ్లీ గిర్రుమన్నాయి. తెర నల్లగానే ఉంది, లోపల మెషీన్ మాత్రం మేలుకుంది. మళ్లీ పడుకోబెట్టాను, మళ్లీ లేచింది. చంటిపిల్లని ఉయ్యాల్లో వేసి ఒక్కడుగు వెనక్కి వేయగానే కేరుమన్నట్టు. చివరికి షట్‌డౌన్ చేసి పడుకున్నాను.

ఆ నాలుగు నెలల్లో చేయని పని లేదు. నిద్రలోనే మధ్యమధ్య లేచి పనులు చేసుకునే పవర్ న్యాప్ ఆపేశాను. నెట్‌వర్క్ వల్ల మేల్కొనే సెట్టింగ్ తీసేశాను. మెమరీని డిస్కులో దాచే హైబర్నేట్ మోడ్ సున్నా చేశాను. బూట్ ఆర్గ్యుమెంట్లలో, తెర వెలగకుండా మేల్కొనే తీరుని మార్చే డార్క్‌వేక్ విలువలు మార్చి మార్చి చూశాను, మార్చినప్పుడల్లా ఒక రీబూట్. టెర్మినల్‌లో పీఎంసెట్ లాగ్ (నిద్ర, మేలుకోవడాల చిట్టా) తీస్తే ప్రతిసారీ లేపినవాడి పేరు ఒకటే కనబడేది: ఎక్స్‌హెచ్‌సీ, అంటే యూఎస్‌బీ కంట్రోలర్. ఆ పేరు మొదటి వారంలోనే చూశాను. పోర్టులన్నీ బాగానే పనిచేస్తున్నాయి కదా అని పట్టించుకోలేదు.

చిక్కంతా అక్కడే ఉంది. మాక్‌ఓఎస్ ఒక్కో కంట్రోలర్‌కి 15 పోర్టులే లెక్కలోకి తీసుకుంటుంది. పదిహేనంటే ఎక్కువే అనిపిస్తుంది. కానీ యూఎస్‌బీ 3 పోర్టు కంటికి ఒకటే అయినా లెక్కలో రెండు: పాత స్పీడుకొకటి, కొత్త స్పీడుకొకటి. పైగా బోర్డు మీద బయటికి కనబడనివి కొన్నుంటాయి. ఈ పరిమితిని ఎత్తేసే క్విర్క్ (ప్రత్యేక సెట్టింగ్) ఒకటి ఓపెన్‌కోర్‌లో ఉంది కానీ, మాక్‌ఓఎస్ బిగ్ సర్ 11.3 నుంచి దాన్ని నమ్ముకోవడానికి లేదు. కాబట్టి ఏవి ఉంచాలో, ఏవి తీసేయాలో మనమే మ్యాప్ రాసివ్వాలి. నేను బద్ధకించి ఎవరో చేసిపెట్టిన మ్యాప్ తెచ్చి పెట్టుకున్నాను. నా బోర్డుకి దగ్గరి మోడలే కదా అని ధీమా.

ఒక ఆదివారం కాగితం, పెన్ను, ఒక పాత పెన్‌డ్రైవ్, ఒక యూఎస్‌బీ 3 పెన్‌డ్రైవ్ పట్టుకుని టేబుల్ కింద దూరాను. ప్రతి పోర్టులో రెండూ ఒకదాని తర్వాత ఒకటి గుచ్చడం, తెర మీద ఏ పేరు వెలిగిందో రాసుకోవడం. పాత స్పీడుకి హెచ్‌ఎస్ 01, కొత్త స్పీడుకి ఎస్‌ఎస్ 01, అలా. ముందూ వెనకా అన్నీ అయ్యాక రెండు పేర్లు మిగిలాయి. వాటిలో నేనేమీ గుచ్చలేదు, అయినా ఏదో తగిలించి ఉన్నట్టే చూపిస్తున్నాయి. ఒకటి బ్లూటూత్ అని త్వరగానే తెలిసింది, అది లోపల వైఫై కార్డు మీద ఉంటుంది. తెచ్చుకున్న మ్యాప్‌లో దాన్ని మామూలు బయటి పోర్టుగా రాశారు. లోపలిదని చెప్పాలంటే దాని రకం 255 అని ఇవ్వాలి. రెండోది ఏమిటో తేలడానికి మాత్రం గంట పట్టింది. బోర్డు మీద వెలిగే రంగు లైట్ల కంట్రోలర్! అదీ యూఎస్‌బీ పరికరమేనట. ఆ లైట్లు నేను కోరుకున్నవి కూడా కాదు, బోర్డుతో పాటు అంటగట్టారు.

లైట్లని మ్యాప్‌లోంచి తీసేశాను, బ్లూటూత్‌కి 255 ఇచ్చాను, రీబూట్. స్లీప్ నొక్కి కుర్చీలోంచి లేవకుండా కూర్చున్నాను. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. చడీచప్పుడూ లేదు. రెండూ ఒకేసారి మార్చాను కాబట్టి అసలు దొంగ ఎవరో ఇప్పటికీ కచ్చితంగా చెప్పలేను. మళ్లీ విడదీసి చూసే ధైర్యం లేదు.

అప్పట్నుంచి చెక్కుచెదరలేదని స్నేహితుల దగ్గర గొప్పలు పోతుంటాను. అది పూర్తిగా నిజం కాదు. ఒకసారి ఓపెన్‌కోర్ ఫైళ్లు కొత్తవి పెట్టి, దాని సెట్టింగుల ఫైలు కాన్ఫిగ్ ప్లిస్ట్ పాతదే ఉంచేశాను. బూట్ మెనూ కూడా రాలేదు. పని అప్పగించాల్సిన రోజు ముందు రాత్రి, టెన్షన్‌తో చేతులు ఆడలేదు. ఓపెన్‌కోర్ ఫైళ్లుండే పాత ఈఎఫ్ఐ ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లో దాచి ఉంచబట్టి గట్టెక్కాను. కాన్ఫిగ్‌లో తప్పులు చూపించడానికి ఓసీవాలిడేట్ అనే టూల్ ఓపెన్‌కోర్‌తో పాటే వస్తుందని అప్పటికి తెలుసు, వాడలేదంతే. వైరు లేకుండా ఫైళ్లు పంపే ఎయిర్‌డ్రాప్ కూడా లేదు, నాది ఇంటెల్ వైఫై కార్డు కనుక రాదు. ఫోన్లోంచి ఫైళ్లు కేబుల్‌తోనే తెచ్చుకుంటాను. ఇక ప్రతి పెద్ద అప్‌డేట్ తర్వాత నేను ముందు చూసేది కొత్త ఫీచర్లు కాదు, స్లీప్.

ప్రస్తుతం మాక్‌ఓఎస్ సెకోయా 15 దగ్గర ఆగాను. తర్వాతి వెర్షన్ తాహో 26లో యాపిల్ పాత సౌండ్ డ్రైవర్‌ని తీసేయడంతో, నా బోర్డు ఆడియోని పలికించిన పద్ధతి అక్కడ నేరుగా పనిచేయదు. పాటల పని చేసుకునేవాడికి సౌండే లేకపోతే ఇంకేముంది. పైగా ఇంటెల్ మాక్‌లకి అదే చివరి వెర్షన్ అని 2025లోనే చెప్పేశారు.

అందుకని ఇప్పుడు దీనికోసం కొత్తగా పార్టులు కొనమని ఎవరికీ చెప్పను. నాకైతే సరిపోయింది: కార్డు ముందే ఉంది, ఆదివారాలు ఖాళీ, ఒక రోజు మెషీన్ లేవకపోయినా పక్కన ల్యాప్‌టాప్ ఉంది. దీనిమీదే ఆఫీసు పనంతా నడిచేదైతే వేరేలా రాసేవాణ్ణేమో. యాపిల్ లైసెన్సు కూడా మాక్‌ఓఎస్‌ని యాపిల్ బ్రాండ్ మెషీన్ల మీద తప్ప వేరేచోట అనుమతించదు, కాబట్టి ఏదైనా తేడా వస్తే అడగడానికి ఎవరూ ఉండరు. ఇంట్లో పాత ఇంటెల్ మెషీన్, సరిపోయే ఏఎండీ కార్డు పడి ఉంటే సరదాకి చేసి చూడొచ్చు. పోర్టులు రాసుకున్న ఆ కాగితం ఇంకా నా డ్రాయర్లోనే ఉంది. అడిగితే ఫోటో తీసి పంపుతాను, కానీ మీ బోర్డుకి అది పనికిరాదు.