అరేనిలో ఓ రాత్రి ఉండాలా, చూసి దాటిపోవాలా?

గల్ఫ్ నుంచి ఆర్మేనియా వెళ్లే మన వాళ్లు చాలామంది వైన్‌కు పేరున్న అరేని ఊరిని చూస్తారు, కానీ అరేనిలో ఉండరు. రాజధాని యెరెవాన్ టూర్ల వాళ్లు పొద్దున ఖోర్ విరాప్ మఠం, మధ్యాహ్నం నొరవంక్ మఠం, మధ్యలో అరేని అని ఒకే రోజులో కట్టేస్తారు. ఊరికి దక్కేది అరగంటో, ముప్పావు గంటో. బస్సు దిగడం, వరసగా పేర్చిన చిన్న గ్లాసులు రుచి చూడటం, దానిమ్మ వైన్ సీసా ఒకటి కొనుక్కుని మళ్లీ బస్సెక్కడం. మేం షార్జా నుంచి వెళ్లినప్పుడు ఆ పద్ధతి వద్దనుకుని అక్కడే గెస్ట్‌హౌస్ తీసుకున్నాం. నేను, మా ఆయన, మా అత్తయ్య. అత్తయ్య పూర్తి శాకాహారి. "తాగే ఊరికి నన్నెందుకే తీసుకెళ్లడం, నన్ను యెరెవాన్‌లోనే వదిలేయండి" అంటూనే బ్యాగు సర్దుకున్నారు.

యెరెవాన్ నుంచి సుమారు 110 కిలోమీటర్లు, కారులో గంటన్నర నుంచి రెండు గంటలు. మొదట అంతా అరారత్ మైదానం, కుడివైపు మంచు టోపీతో అరారత్ కొండ. 5,137 మీటర్ల ఎత్తున్న ఆ కొండ ఇప్పుడు టర్కీలో ఉంది గానీ ఆర్మేనియా వాళ్ల బ్రాందీ సీసా మీద, దుకాణం బోర్డు మీద అదే బొమ్మ. యెరాస్ఖ్ దాటుతుంటే రోడ్డు పక్కన పొడుగ్గా మట్టికట్టలు పోసి ఉంటాయి. అవతల, ఆర్మేనియాతో యుద్ధాలు చేసిన అజర్‌బైజాన్‌కు చెందిన నఖిచెవాన్. డ్రైవర్ అక్కడ ఆపడు, ఆపమని అడగొద్దు కూడా. తర్వాత రోడ్డు ఎండిపోయిన కొండలెక్కి, దిగితే అర్పా నది లోయ.

ఊరి గురించి ముందే చెప్పేస్తాను: అరేని అందమైన ఊరేం కాదు. ఫొటోల్లో కనిపించే ఇటలీ తరహా ద్రాక్షతోటల గ్రామాన్ని ఊహించుకుని వెళ్తే నీరుగారిపోతారు. ఇరాన్ సరిహద్దుకు వెళ్లే ఎం2 రహదారి ఊరి మీదుగానే పోతుంది, లారీలు రాత్రంతా తిరుగుతాయి. రేకు కప్పులు, గ్యాసు గొట్టాలు, ఇంటి ముందు పాత లాడా కారు. రోడ్డు వెంట బల్లలు వేసి ఇంట్లో చేసిన వైన్‌ను వాడేసిన కోకాకోలా సీసాల్లో పోసి అమ్ముతారు. ఇరాన్ లారీ డ్రైవర్లు సరిహద్దు దాటించడానికి ఆ సీసాలే వీలని అందరూ చెప్పే మాట. మా ఆయన రెండు చోట్ల రుచి చూశారు. ఒకటి బాగుంది, రెండోది పులిసిపోయింది. పోసిన ఆవిడకీ ఆ సంగతి తెలిసినట్టే ఉంది, నవ్వి ఇంకో సీసా తీసింది.

మరి ఎందుకు ఉండాలి? ఒకటి గుహ, రెండోది సాయంత్రపు నొరవంక్, మూడోది ఇంటి భోజనం. ఈ మూడూ టూర్ బస్సుకు అందవు.

అరేని-1 గుహ నొరవంక్ లోయ మొదట్లోనే, మెట్లెక్కితే అయిదు నిమిషాలు. 2007లో తవ్వకాలు మొదలయ్యాయి. ద్రాక్ష తొక్కే మట్టి తొట్టి, రసం కారి పడేందుకు నేలలో పాతిన కాగు, నిల్వ జాడీలు, ఎండిన ద్రాక్ష గింజలు దొరికాయి. క్రీస్తు పూర్వం 4100 ప్రాంతం నాటివని తేల్చి 2011లో ప్రకటించారు. ఇప్పటిదాకా దొరికిన వైన్ తయారీ శాలల్లో ఇదే పాతది. అంతకు ముందే, 2008లో, ఒక తోలు చెప్పు దొరికింది. ఒకే ఆవు తోలు ముక్కతో చేసి, ముందు తాళ్లు బిగించి, లోపల గడ్డి కుక్కి ఉంది. వయసు దాదాపు 5,500 ఏళ్లు. గుహలోని పొడి చల్లదనం, పైన పేరుకున్న గొర్రెల పేడ దాన్ని అలా కాపాడాయి.

గుహ చూడటానికి మాత్రం పెద్దగా ఏమీ ఉండదు. బల్బుల వెలుగులో గుంటలు, సగం విరిగిన కాగుల అంచులు, పైన గబ్బిలాలు. అక్కడి గైడ్ చెబితేనే అవి కథలవుతాయి, కాబట్టి టికెట్‌తో పాటు గైడ్ ఉన్నారో లేదో అడిగే లోపలికి వెళ్లండి. మా గైడ్ చెప్పినదాంట్లో నన్ను పట్టుకున్న సంగతి ఇది: ఆ తొట్టి చుట్టూ సమాధులున్నాయి. అంటే అది సరదాగా తాగడానికి చేసిన వైన్ కాకపోవచ్చు, చనిపోయిన వాళ్ల కర్మకాండలకు చేసినదై ఉండొచ్చు. అంతవరకూ మొహం ముడుచుకున్న అత్తయ్య అక్కడ నుంచి ఒకటే ప్రశ్నలు. చెప్పు మాత్రం ఇక్కడ లేదు, యెరెవాన్ రిపబ్లిక్ స్క్వేర్‌లోని చరిత్ర మ్యూజియంలో ఉంది. వీలైతే అది చూశాకే గుహకు రండి.

గుహ దగ్గర నుంచి ఎర్రకొండల మధ్య ఇరుకు లోయలో ఎనిమిది కిలోమీటర్లు వెళ్తే నొరవంక్. పదమూడో శతాబ్దంలో ఓర్బెలియన్ రాజవంశం వాళ్లకు ఇది మఠమూ, సమాధి స్థలమూ. మధ్యాహ్నం మేం ఒకసారి వెళ్లాం. బస్సులు బారులు తీరి, ఒక్క మెట్టు మీద పదిమంది ఫొటోలు. సాయంత్రం మళ్లీ వెళ్తే మఠం దాదాపు ఖాళీ, కొండలు కాలిన ఇటుక రంగులోకి తిరిగాయి. రాత్రి ఊళ్లో ఉన్నవాళ్లకే ఆ అవకాశం.

ఇక్కడి రెండంతస్తుల చర్చిని శిల్పి మోమిక్ కట్టాడు. 1339లో పూర్తయింది, అప్పటికి ఆయన లేడు. 1333 నాటి ఆయన సమాధి రాయి అక్కడే చిన్నగా ఉంటుంది. పై అంతస్తుకు వెళ్లాలంటే గోడలోంచి పొడుచుకు వచ్చిన రాతి మెట్లు, పట్టుకోవడానికి ఏమీ లేదు, వెడల్పు పాదమంత. నేను వెనక్కి తిరిగి కూర్చుని దిగాను. చీరలో ఉన్నవాళ్లూ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లూ ఆ జోలికి పోవద్దు. కింద చూడటానికి చాలా ఉంది: పక్క మండపం కిటికీ మీద గడ్డంతో, పొడుగు కళ్లతో దేవుడి బొమ్మ, చేతిలో ఆదాము తల. చిన్న గుడిలో 1300 నాటి సింహం ఆకారపు సమాధి పలక. మోమిక్ పనే ఇంకోటి అరేనిలోనే, నది అవతల గట్టు మీద ఉన్న 1321 నాటి చర్చి. ఊళ్లోంచి నడిచి వెళ్లొచ్చు, మేం వెళ్లినప్పుడు అక్కడ ఇంకెవరూ లేరు.

బస గురించి. గదులు పెద్దవే, ఇంటివాళ్లు కింద ఉంటారు, మనం పైన. రహదారి వైపు గది తీసుకోకండి, లారీల మోతకు నిద్ర పట్టదు. నది వైపు గది అడిగితే ఇస్తారు. వేడినీళ్లకు లోటు లేదు, వైఫై మాత్రం పేరుకే. ఇంటావిడకు ఆర్మేనియన్, రష్యన్ తప్ప రావు. ఫోన్‌లో అనువాదం పెట్టుకుని నెట్టుకొచ్చాం, వంటింట్లోకి వెళ్లాక అత్తయ్యకు ఆవిడతో ఫోన్ కూడా అవసరం పడలేదు.

శాకాహారులకు ఇబ్బంది ఉంటుందనే భయంతో మేం పొడులు, అటుకులు మోసుకెళ్లాం. సగం అలాగే తిరిగొచ్చాయి. పొద్దున్నే లవాష్ రొట్టె, ఉప్పు జున్ను, పెరుగు, టమాటాలు, పళ్లెం నిండా పచ్చి ఆకుకూరలు. రాత్రికి పెరుగూ గోధుమలూ వేసి కాచిన స్పాస్ అనే వేడి సూపు, వంకాయ కూర. మాంసం లేకుండా అని చెప్పడం కంటే 'పసుత్స్' అనడం తేలిక. అది వాళ్ల ఉపవాస దినాల తిండి, వెంటనే అర్థమవుతుంది. క్యాబేజీ ఆకుల్లో పప్పుధాన్యాలు పెట్టి చుట్టిన పసుత్స్ తోల్మా ఆ ఇంట్లో తిన్నంత రుచిగా యెరెవాన్ హోటళ్లలో దొరకలేదు.

ఇక వైన్. అరేని అనేది ద్రాక్ష రకం పేరు కూడా. వేరుపురుగు ఫిలోక్సెరా ఈ లోయను పట్టలేదు కాబట్టి తీగలను అంటు కట్టకుండా సొంత వేళ్ల మీదే పెంచుతారు. సోవియట్ కాలంలో ఆర్మేనియా వంతుకు బ్రాందీ, జార్జియా వంతుకు వైన్ అన్నట్టు పంచారు. అందుకే ఇంత పాత చరిత్ర ఉన్నా ఇక్కడి మంచి వైన్ ఈమధ్యే లేచింది. రుచి చూపించే చోట్లు రెండు రకాలు. రహదారి మీద పెద్ద దుకాణాల్లో దానిమ్మ, చెర్రీ, ఆప్రికాట్ అంటూ తీపి వైన్లే ముందు పోస్తారు, జనం కొనేవీ అవే. నాకవి దగ్గు మందు తాగినట్టే ఉన్నాయి. చిన్న వైనరీల్లో ముందే ఫోన్ చేసి వెళ్తే కరాస్‌లు, అంటే మట్టి బానలు, చూపించి అసలు అరేని ఎర్రదీ, వోస్కెహాత్ తెల్లదీ పోస్తారు. మా ఆయన ఓటు వోస్కెహాత్‌కు.

అక్టోబర్ మొదటి శనివారం వైన్ పండగ చేస్తారు, 2009 నుంచి జరుగుతోంది. ఆ వారాంతంలో గది దొరకదు, దొరికినా నిద్ర ఉండదు. సెప్టెంబర్ చివర్లో వెళ్తే కోతలూ కనిపిస్తాయి, జనమూ తక్కువ.

ఖనిజ జలాల ఊరు జెర్ముక్ గురించి ఎక్కువ చెప్పను. గంటకు పైగా ప్రయాణం, జలపాతం ఒకటి, ఖనిజ జలం కొళాయిలు కొన్ని. ఆ నీళ్లు సీసాల్లో దేశమంతా దొరుకుతాయి. దాని బదులు సెలిమ్ కనుమ వైపు వెళ్లండి. దాదాపు 2,400 మీటర్ల ఎత్తున, 1332లో కట్టిన రాతి సత్రం ఇంకా నిలబడి ఉంది. కిటికీలు లేవు, కప్పులో వదిలిన కంతల్లోంచి వెలుగు. ఒక వైపు వర్తకులు, ఇంకో వైపు జంతువులు. చలికాలం మంచుకు ఆ రోడ్డు మూసేస్తారు, తక్కిన కాలంలోనూ స్వెటర్ ఉండాలి.

అసలు చిక్కు రవాణాతో. యెరెవాన్ నుంచి షేర్ వ్యాన్లు వస్తాయి గానీ తిరుగు ప్రయాణానికి మధ్యాహ్నం దాటితే నమ్మకం లేదు. యాప్ ట్యాక్సీ ఊళ్లో దొరకదు. మేం మాట్లాడుకున్న ట్యాక్సీ అతను సెలిమ్ చేరాక నిరీక్షణకు వేరే డబ్బులని పేచీ పెట్టాడు. ధర, ఆగే సమయం కాగితం మీద రాయించుకునే కదలండి. ఇద్దరు డ్రైవింగ్ వచ్చినవాళ్లుంటే కారు అద్దెకు తీసుకోవడమే మేలు. తాగే ఊరు కదా, ఒకరు మానుకోవాలి.

కొనుక్కోవడానికి వైన్ మీదే మనసు పెట్టుకోకండి. షార్జాలో మద్యం నిషేధం కాబట్టి మా సీసాలు అరేనిలోనే ఖాళీ అయ్యాయి. బదులుగా దోషాబ్ అనే ద్రాక్ష పాకం, ఆ రసం చిక్కగా కాచి అందులో వాల్‌నట్ దండలు ముంచి ఆరబెట్టిన సుజుఖ్ తెచ్చుకున్నాం. మామిడి తాండ్రలా సాగుతుంది, మధ్యలో వాల్‌నట్ తగులుతుంది. అదే పేరుకు దగ్గరగా మాంసం సాసేజ్ కూడా అమ్ముతారు, శాకాహారులు తీపిదే అని అడిగి తీసుకోండి. అత్తయ్య నాలుగు దండలు బేరమాడి కొన్నారు. ఊళ్లోని అక్కచెల్లెళ్లకు పంచుతానన్నారు గానీ రెండు దండలు విమానం ఎక్కక ముందే అయిపోయాయి.