దోస్తు రిటైర్మెంట్‌కి ఏది మేలు: పెంబర్తి షీల్డా, ఒగ్గు కథా, చేర్యాల పటమా?

మా పదో తరగతి బ్యాచ్‌లో ఒకడు లైన్‌మన్, జనగామ దిక్కు మా ఊళ్లకే ఇన్నేళ్లు పనిచేసిండు, ఈ ఎండాకాలం రిటైర్ అయితుండు. గాలివానకి వైర్లు తెగినా, అర్ధరాత్రి ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఫ్యూజ్ పోయి పొట్టకొచ్చిన వరికి నీళ్లందకపోయినా ఫోన్ పోయేది వాడికే, సబ్‌స్టేషన్‌ల ఎల్‌సీ (లైన్ల కరెంటు బంద్ చేయించి పనిచేసే పర్మిషన్) తీసుకొని వానల స్తంభం ఎక్కేటోడు, కింద మాలో ఎవడో ఒకడు టార్చ్ కొట్టుకుంట నిలబడేటోడు. అసొంటోనికి ఒక శాలువా కప్పి ఫ్లెక్సీ కట్టి పంపుడు నాకు మనసొప్పలే, గ్రూపులో అడిగితే మూడు మాటలొచ్చినయి.

పెంబర్తి షీల్డ్ అయితే అల్కగ అయిపోతది. వరంగల్ హైవే మీదనే ఊరు, ఆర్డర్ ఇచ్చి వచ్చుడే. ఇత్తడి రేకుని లక్క మీద పెట్టి చిన్న చిన్న ఉలులతోటి కొట్టుకుంట బొమ్మ లేపుతరు, గుళ్ల ధ్వజస్తంభాలకి తొడుగులు చేసిన చేతులవి, పనికి వంక పెట్టనీకి లేదు. కానీ షీల్డ్ మీద పట్టేది వాడి పేరు, తారీఖు, అంతే. ఆ స్తంభం కథ అండ్ల పట్టదు.

ఒగ్గు కథ అంటే నాకు పానం. మా జనగామ జిల్లా మాణిక్యాపురం చుక్క సత్తయ్య గారి కథ చిన్నప్పుడు విన్నోళ్లకి వేరే చెప్పాల్సిన పని లేదు, 2017లో పోయిండు ఆయన, ఇప్పటికీ డోలు, తాళాల చప్పుడు వింటే కాళ్లు అటే పోతయి. కురుమోళ్లు మల్లన్న కథ, బీరప్ప కథ చెప్తరు, ఒక్కడే కథకుడు ఒక నిమిషం రాజు, ఇంకో నిమిషం ముసలవ్వ, కూసున్నోళ్లని మధ్యలో పేరు పెట్టి పిలిచి మాట్లాడతడు. మా లైన్‌మన్‌ని ఆ గొంతుతోని "ఎక్కిండు బిడ్డా స్తంభం" అని అంటుంటే వినాలని ఎంత ఉందో నాకు! మరి ఎందుకు వద్దనుకున్నమంటే రెండు ముచ్చట్లు. ఒకటి, అమ్మకి చెప్తే మొఖం చిన్నబోయింది, మా ఇంట్ల దినాల నాడు చెప్పించిన కథే ఆమెకి యాదికొస్తదంట, నిండుగ బతికున్న పిల్లగానికి ఎందుకురా అన్నది. రెండోది, రాత్రంతా విన్నా తెల్లారితే వాడి చేతిల ఏం మిగలదు.

ఇగ చేర్యాల పటం. చేర్యాల 2016 దాకా మన వరంగల్ జిల్లానే, ఇప్పుడు సిద్దిపేటకి పోయింది. ఖద్దరు బట్టకి గంజి, తెల్లమట్టి, ఉడకబెట్టిన చింతగింజల జిగురు కలిపి పూస్తరు, ఆరినంక మళ్లీ పూస్తరు, బట్ట అట్టలెక్క అయినంక సన్న కుంచెతోని గీతలు, వెనకంతా ఎర్ర రంగు. ఈ పటాలు గీసే నకాషోళ్ల ఆ ఎరుపు చూస్తే ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టొచ్చు. అసలు ఇది గోడకి తగిలించే బొమ్మ కాదు, పొడుగు చుట్ట. కూనపులోళ్లు పద్మశాలీలకి మార్కండేయ పురాణం, కాకిపడగలోళ్లు ముదిరాజులకి పాండవుల కథ చెప్పుకుంట ఒక్కో బొమ్మల గడి కిందికి విప్పుకుంట పోయేటోళ్లు, పటం లేకుండ పాట లేదు, పాట లేకుండ పటం లేదు.

నన్ను పటం దిక్కు గుంజింది ఈ గడులే. మనిషి ఒక్కడే ఉండడు వాటిల, పక్కన ఎవలో ఒకలు ఉంటరు, ఎడ్లుంటయి, తాటిచెట్లుంటయి, రోకలి పట్టిన ఆడోళ్లుంటరు. మన దిక్కు వీరుల కథలన్నీ అట్లనే నడుస్తయి కదా. ఖిలాషాపూర్ సర్వాయి పాపన్న కథనే తీసుకోండి, శారద కథలోళ్లు పాడుతుంటే పాపన్న కన్నా ముందు దోస్తులు కండ్ల ముందుకొస్తరు, చాకలి సర్వన్న, మంగలి మాసన్న, కుమ్మరి గోవిందు, జక్కుల పెరుమాళ్లు, దూదేకుల పీరు, కొత్వాల్ మీర్ సాహెబ్. ఒక్కొక్కడు ఒక్కో ఇంటోడు, అంతా ఒక్క జట్టు. కల్లు గీసే ఇంట్ల పుట్టినోడు కోటల మీదికి పోయిండంటే ఈ జట్టు లేకుండ పోయిండా? ఆ లెక్కన మా వాడికి షీల్డ్ ఇస్తే వాడొక్కడే అవుతడు, పటం ఇస్తే మేమంత వాడి పక్కనే ఉంటం.

పటంలో తక్లీఫులు లేవని కాదు. ముందుగాల చెప్పాలె, చేతిపని, వారంల కావాలంటే కాదు. మొఖం ఫోటోలెక్క రావాలని పట్టుబట్టొద్దు, నకాషి బొమ్మకి దాని కండ్లు దానికుంటయి, పెద్ద పెద్దగ, పక్కకి చూసుకుంట. మాలో ఒకడు "మరి వాడని ఎట్ల తెలుస్తది" అన్నడు, స్తంభం ఉంటే తెలవదా! ఇంకోటి, బజార్ల ప్రింట్ కొట్టినవి కూడా చేర్యాల అని అమ్ముతున్నరు, అవి తెచ్చి ఇస్తే పైసలు దండుగ, చేర్యాల పోయి గీసేటోళ్ల ఇంట్లనే ఆర్డర్ ఇయ్యండి.

మేం నాలుగు గడులు అనుకున్నం. బడి, గాలివాన రాత్రి, ట్రాన్స్‌ఫార్మర్ కాడ పొద్దు పొడుపు, చివరిది వాడు పొలం గట్టు మీద కూసున్నది. మాలో ఒకడికి భజనల పాడిన గొంతుంది, ఫంక్షన్ నాడు పటం విప్పుకుంట కథ వాడే చెప్తడు, ఒగ్గు కథ మీద నాకున్న ఆశ కొంచెమైనా తీరుతది. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు గీసే ఆయనకి ఒక్కటే గట్టిగ చెప్పినం, రెండో గడిల స్తంభం కింద టార్చ్ పట్టుకున్నోన్ని మాత్రం మర్చిపోవద్దు అని.