గోడ మీద బొమ్మా, వాలెట్‌లో టోకెనా: హైదరాబాద్‌లో మొదటిసారి కొనేవాళ్లకు ఏది మేలు?

కొత్త ఫ్లాట్‌కి మంచి బొమ్మ ఒకటి కొందామని అనగానే, "ఆ డబ్బుతో ఎన్‌ఎఫ్‌టీ తీసుకో, పెరుగుతుంది" అనే బంధువు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఎన్‌ఎఫ్‌టీ అంటే ఫలానా డిజిటల్ బొమ్మ ఫలానా వాళ్లదని చూపే టోకెన్. 2021 మార్చిలో బీపుల్ అనే అమెరికన్ కళాకారుడి డిజిటల్ కోలాజ్ ఎన్‌ఎఫ్‌టీగా క్రిస్టీస్ వేలంలో 6.9 కోట్ల డాలర్లకు పోయినప్పటి ఊపు అది. ఆ ఊపు తర్వాత చాలావరకు చల్లారింది. కాబట్టి లాభం సంగతి పక్కన పెట్టి, డబ్బిచ్చాక మన చేతికి ఏమొస్తుందో చూద్దాం.

టోకెన్ కొంటే బ్లాక్‌చెయిన్‌లో, అంటే చాలా కంప్యూటర్లు కలిసి రాసుకునే ఉమ్మడి ఖాతా పుస్తకంలో, మన డిజిటల్ వాలెట్ పేరిట ఒక నమోదు వస్తుంది. బొమ్మ ఫైల్ మాత్రం చాలాసార్లు వేరే చోట ఉంటుంది. ఆ సర్వర్ మూతపడితే నమోదు మిగులుతుంది, బొమ్మ మిగలదు. వాలెట్‌కి తాళంచెవి లాంటి రహస్య పదాల వరుస (సీడ్ ఫ్రేజ్) పోగొట్టుకుంటే ఫిర్యాదు చేయడానికి కౌంటర్ కూడా ఉండదు. కాన్వాస్‌కీ గండాలున్నాయి: వానాకాలం గోడ చెమ్మ, చెదలు, పడమటి కిటికీ ఎండ. కానీ అవి కంటికి కనిపిస్తాయి, చేతనైనంత ఆపుకోవచ్చు.

నన్నడిగితే మధ్యతరగతి వాళ్లకు అసలైన దారి ఈ రెంటికీ మధ్యలో ఉంది: కాగితం మీద ప్రింట్లు. చిత్రకారుడు లక్ష్మా గౌడ్‌కి ఎచింగ్‌లలో, అంటే లోహపు రేకు మీద యాసిడ్‌తో గీతలు దింపి తీసే ప్రింట్లలో, ఎంత పేరుందో తెలిసిందే. మరో చిత్రకారుడు తోట వైకుంఠం గారు గీసే పెద్ద బొట్టు ఆడవాళ్లు సెరిగ్రాఫ్‌లలోనూ (సన్నని తెరలోంచి రంగు దింపి తీసే ప్రింట్లు) దొరుకుతారు. ఒరిజినల్‌తో పోలిస్తే ధర చాలా తక్కువ. అడుగున పెన్సిల్‌తో 12/50 అని ఉంటే, యాభై కాపీల ఎడిషన్‌లో పన్నెండోది అని అర్థం. పక్కన చిత్రకారుడి చేతి సంతకం ఉండాలి. సంతకం కూడా బొమ్మతో పాటే అచ్చయి ఉంటే అది పోస్టరే, ఎంత ఖరీదైన ఫ్రేమ్‌లో పెట్టినా. ఏ పద్ధతిలో తీశారు, ఎడిషన్ ఎంత, ఆర్టిస్ట్ ప్రూఫ్‌లు (ఎడిషన్ లెక్కలో కలపకుండా కళాకారుడు తనకోసం ఉంచుకునే కాపీలు) విడిగా ఎన్ని అని అడగండి. బిల్లు మీద పేరు, సంవత్సరం, మాధ్యమం, కొలతలు రాయించుకోండి. పేరున్నవాళ్ల బొమ్మలకు నకిలీలు కూడా తిరుగుతుంటాయి మరి. ఫ్రేమ్ కట్టించేటప్పుడు యాసిడ్ లేని మౌంట్ (బొమ్మకు ఆనించి పెట్టే అట్ట) అడగండి. మామూలు అట్ట పెడితే కాగితం కొన్నేళ్లకే పసుపెక్కుతుంది.

డిజిటల్ అసలే వద్దని కాదు. వీడియో, కోడ్‌తో పుట్టే కదిలే బొమ్మలు కాన్వాస్ మీద కుదరవు. అలాంటివి నచ్చితే ఫైల్, సంతకం చేసిన సర్టిఫికెట్, ఎలా చూపించాలో సూచనలు కళాకారుడి దగ్గరే రాతపూర్వకంగా తీసుకోండి. టోకెన్ ఉన్నా సరే, లేకున్నా సరే. టోకెన్లకు కరెంటు విపరీతంగా ఖర్చవుతుందన్న పాత అభ్యంతరం కూడా, ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్ విషయంలో, అది పనిచేసే పద్ధతిని 2022 సెప్టెంబర్‌లో మార్చడంతో దాదాపు తీరిపోయింది. కాపీరైట్ మాత్రం విడిగా రాసిస్తే తప్ప టోకెన్‌తోనూ రాదు, కాన్వాస్‌తోనూ రాదు.

మళ్లీ అమ్మేటప్పుడు తేడా పెద్దది. టోకెన్ లాభం మీద 30 శాతం పన్ను, నష్టం వస్తే దేనికీ సర్దుకోవడానికి లేదు. పెయింటింగ్‌ని 24 నెలలు దాటి ఉంచుకుని అమ్మితే 12.5 శాతం. కళాకారుడి వాటా చూస్తే, మన కాపీరైట్ చట్టంలోని 53ఎ సెక్షన్ పదివేలు దాటిన పునర్విక్రయంలో ఆయనకు వాటా హక్కు ఇస్తుంది, ఆచరణలో దాన్ని అడిగేవాళ్లు తక్కువైనా. మళ్లీ అమ్మినప్పుడల్లా కళాకారుడికి వాటా (రాయల్టీ) అందడమే ఎన్‌ఎఫ్‌టీల పెద్ద గొప్ప అని చెప్పుకునేవారు. 2023లో ఎన్‌ఎఫ్‌టీలు కొనే, అమ్మే సైట్ ఓపెన్‌సీ ఆ రాయల్టీని అమ్మేవాళ్ల ఇష్టానికే వదిలేసింది.

అందుకే మొదటి కొనుగోలు ఎచింగో, కుర్ర చిత్రకారుల చిన్న ఒరిజినలో అయితే మేలు. మాసబ్ ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో, గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో చదివే పిల్లల ప్రదర్శనలు ఎప్పుడో కనుక్కోండి. మాదాపూర్ స్టేట్ గ్యాలరీ, బంజారాహిల్స్ కళాకృతి కూడా ఒక చుట్టు చుట్టి రండి. గోడ మీద ధర రాసి లేకపోతే మొహమాటపడకండి, అక్కడి వాళ్లని ధరల పట్టీ అడగండి.