సెకండ్ హ్యాండ్ ట్రాక్టర్ కొనేవాళ్లకు జాగ్రత్త: వేడి ఇంజన్ చూపిస్తే బేరం ఆపండి

సోమశిల నీళ్లు కాలవల్లోకి వచ్చాయంటే మన కోవూరు, బుచ్చి, ఇందుకూరుపేట వైపు అందరూ ఒక్కసారే దమ్ముకు దిగుతారు. పాత ట్రాక్టర్ల బేరాలు జోరందుకునేదీ అప్పుడే. రైతు తొందరలో ఉన్నాడని అమ్మేవాళ్లకు బాగా తెలుసు. ఎడగారుకు (రెండో పంటకు) ముందు మా బావ, నేను కలిసి ఒంగోలు అవతల ఒక వ్యాపారి దగ్గర బండి కొన్నాం. మాకు జరిగిన మోసం ఇంకొకరికి జరగకూడదని ఇదంతా రాస్తున్నాను.

మేం వెళ్లేసరికే బండి ఆన్‌లో ఉంది. మీరొస్తున్నారని ఇప్పుడే కడిగి తెచ్చాం అన్నారు. కొత్త పెయింట్, కొత్త సీటు. పొగ లేదు, శబ్దం మెత్తగా ఉంది, ఆయిల్ ప్రెషర్ ముల్లు పైనే నిలబడింది. ఇంకో పార్టీ సాయంత్రం వస్తోందని చెప్పి, బండి అక్కడి నుంచి కదలకముందే డబ్బంతా తీసుకున్నారు. పొలంలో రోటవేటర్ దించి గట్టిగా లాగించాక అసలు సంగతి తెలిసింది. ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ గొట్టం నుంచి పొగ, దాంతోపాటు ఆయిల్ తుంపర. టెంపరేచర్ ముల్లు ఎర్ర గీతకు చేరింది.

మెకానిక్ ఆయిల్ దించి, వేళ్ల మధ్య రుద్ది చూసి, ఇందులో గేర్ ఆయిల్ కలిపారన్నాడు. ఇది చాలామందికి తెలియని మోసం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పిస్టన్ రింగులు, అవి రాసుకుంటూ కదిలే సిలిండర్ గొట్టాలు (లైనర్లు) అరిగిన ఇంజన్‌లో చిక్కటి ఆయిల్ పోస్తే అది ఆ సందుల్లో నిండుతుంది. పొగ తగ్గుతుంది, బేరింగుల చప్పుడు మెత్తబడుతుంది, ప్రెషర్ కూడా బాగా చూపిస్తుంది. లోడు పడి ఇంజన్ బాగా వేడెక్కితే ఆ ఆయిల్ పలచబడి అన్నీ బయటపడతాయి. మేం సరైన ఆయిల్ పోయించి, మర్నాడు పొద్దున సెల్ఫ్ కొడితే పెరడంతా నీలం పొగ. హెడ్ దించితే లైనర్ పైభాగంలో గోరుకు తగిలేంత మెట్టు పడి ఉంది. లైనర్లు, పిస్టన్లు, రింగులు, లేత్ పని, డీజిల్ చిమ్మే నాజిళ్లు అన్నీ కలిపి లక్షకు దగ్గర పడింది. వ్యాపారిని అడిగితే, పాత బండికి గ్యారంటీ ఎవరిస్తారని ఫోన్ పెట్టేశాడు.

అందుకే ఎంత తొందర ఉన్నా పొద్దున్నే, చెప్పకుండా వెళ్లండి. ముందుగా సైలెన్సర్, ఇంజన్ బ్లాకు దగ్గర చెయ్యి పెట్టి వేడి ఉందేమో చూడండి. వెచ్చగా ఉంటే, చల్లటి స్టార్ట్‌లో వచ్చే పొగ కనబడకుండా ముందే నడిపి ఉంచారేమో, చల్లారేదాకా ఆగండి, లేదా ఇంకో రోజు రండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు కొద్దిసేపు తెల్ల పొగ వచ్చి పోతే ఫరవాలేదు. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. తెల్ల పొగ ఎంతకీ ఆగకపోతే నీళ్లు సిలిండర్‌లోకి పోతున్నాయో, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) తగ్గిందో తేల్చుకోవాలి. నల్ల పొగ సాధారణంగా గాలి తక్కువయ్యో, నాజిళ్లు సరిగా లేకో వస్తుంది. దాన్ని బాగుచేయడం అంత కష్టం కాదు.

ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత విప్పి, తిరగేసి ఆ రంధ్రం మీద పెట్టండి. కొంచెం ఆవిరి రావడం పాత ఇంజన్‌కు మామూలే. మూత ఎగిరి పడితే మాత్రం రింగులు పోయినట్టే అనుకోండి. డిప్‌స్టిక్ తీసి చూడండి. డీజిల్ ఇంజన్‌లో ఆయిల్ నల్లగా ఉండటం తప్పు కాదు, పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు కలిశాయి. డీజిల్ వాసన వస్తూ లెవెల్ గీత దాటి ఉంటే అదీ ప్రమాదమే. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి, స్టార్ట్ చేసి, రేస్ పెంచితే ఆగకుండా బుడగలు వస్తున్నాయేమో చూడండి. వస్తే హెడ్‌కు, బ్లాకుకు మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం పెట్టుకోండి.

ఎయిర్ క్లీనర్ నుంచి ఇంజన్‌కు వెళ్లే గొట్టం విప్పి లోపల వేలు పెట్టి తుడవండి. వేలికి దుమ్ము అంటితే, ఆ ఇంజన్ ఎన్నాళ్ల నుంచో దుమ్ము తింటోంది. చీమకుర్తి వైపు క్వారీల దగ్గర రాళ్లు, నీళ్ల ట్యాంకర్లు లాగిన బండ్లు కూడా పొలం బండ్లుగానే అమ్మకానికి వస్తాయి కాబట్టి ఈ పరీక్ష వదలొద్దు. ఇంజన్ ఎన్ని గంటలు నడిచిందో చూపే అవర్ మీటర్ పాత మోడళ్లలో కేబుల్‌తో తిరుగుతుంది. కేబుల్ ఊడదీస్తే గంటలు ఆగిపోతాయి, ఆ అంకెను నమ్మకండి.

నమ్మకమైన మెకానిక్‌ని మీరే తీసుకెళ్లి కంప్రెషన్ గేజ్ పెట్టించండి. చాలా డీజిల్ ఇంజన్లలో సుమారు 300 నుంచి 450 పీఎస్ఐ దాకా వస్తుంది, మీ మోడల్‌కు ఎంత ఉండాలో కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది. సిలిండర్ల మధ్య తేడా 10, 15 శాతం దాటితే కొనకండి. ఆ తర్వాత ఒక గంటైనా రోటవేటర్‌తో దున్నించి చూడండి. దానికి ఒప్పుకోని మనిషి దగ్గర బయానా కూడా ఇవ్వొద్దు.

ఇంజన్ బాగానే ఉంటే ఇంకా చాలా ఏళ్లు వాడుకోవచ్చు. మన బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. అవి రేడియేటర్‌లో పోస్తే లోపల గార కట్టి వేడి పోదు. కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయండి. వేడెక్కుతోందని, నీళ్ల వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ పీకేయించడం మన దగ్గర మామూలైపోయింది, మేం కొన్న దాంట్లో కూడా లేదు. అది లేకపోతే ఇంజన్ ఉండాల్సిన వేడికి రాక ఇంకా తొందరగా అరుగుతుంది. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడ్ ఆయిల్ వాడండి. ఎన్ని గంటలకు మార్చాలో కూడా అందులోనే ఉంటుంది, దుమ్ములో పని ఎక్కువైతే ఇంకా ముందే మార్చండి. దుమ్మును ఆయిల్‌లో పట్టే ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ ఉంటే గిన్నె కడిగి, గీత వరకే నింపండి.

కాగితాల సంగతి. ఇంజన్, ఛాసిస్ నంబర్లు ఆర్‌సీతో మీ కళ్లతో పోల్చుకోండి. పెయింట్ కింద నంబరు కనబడకపోతే గీకించి చూడండి. బండి మీద ఫైనాన్స్ ఉంటే, అప్పు తీరిందని చెప్పే ఫారం 35, ఫైనాన్స్ వాళ్ల అభ్యంతరం లేదనే ఎన్‌ఓసీ చేతికొచ్చాకే, బండి మీ పేరుకు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు అయ్యాకే పూర్తి డబ్బు ఇవ్వండి. ఇంజన్‌లో దాచిన లోపం బయటపడితే ఖర్చు అమ్మినవాళ్లే భరించాలని అగ్రిమెంట్‌లో ఒక వాక్యం రాయించుకోండి. మా అగ్రిమెంట్‌లో ఆ వాక్యం లేదు, అందుకే ఆ వ్యాపారి అంత ధైర్యంగా ఫోన్ పెట్టేశాడు.